జాతర లేని గ్రాఫు

నాగేందర్ సంతకం కోసం ఆ కాగితం మూడు రోజులుగా అతని బల్ల మీదే ఉంది. పక్కన గ్లాసులో చాయ్ చల్లారి మీగడ కట్టింది.

కాగితంలో ఉన్నది చిన్న సంగతే. నల్లగొండలోని ఆ ప్రైవేటు దవాఖానకు రెండు పెద్ద సర్వర్లున్నాయి. రిజిస్ట్రేషను, ఎక్స్‌రే, మందుల కౌంటరు, ల్యాబు, దేనికది విడి కంప్యూటరు అన్నట్టే పనిచేస్తాయి గానీ, నిజానికి అవన్నీ ఆ రెండింటి కడుపులో ఉన్న వర్చువల్ మిషన్లే. ఏడాది పొడుగునా గీసిన గ్రాఫులో వాటి మీద బరువు ఏ రోజూ నలభై రెండు శాతం దాటలేదు. ఖాళీ ఉన్న జాగాలో ట్రైనింగు, ఇన్సూరెన్సు, కెమెరాలు వగైరాలకు మరో నాలుగు కొత్త మిషన్లు పెట్టుకోవచ్చని, కెపాసిటీకి ఢోకా లేదని కంప్యూటర్ల ఇంచార్జిగా నాగేందర్ రాసివ్వాలి.

గ్రాఫు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే అది ఒక్క ఏడాదిది. ఏడాది దాటిన లెక్కలు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టింది నాగేందరే, ఎప్పుడో డిస్కులో జాగా చాలక. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరేమో రెండేళ్లకొకసారి వస్తుంది. అప్పుడు సూర్యాపేట దగ్గర హైవే కిక్కిరిసిపోతుంది. విజయవాడకు పోయే బండ్లను నార్కట్‌పల్లి దగ్గర్నే మళ్లించి నల్లగొండ మీదుగా పంపిస్తారు. బండ్లతో పాటు ప్రమాదాలూ ఇటే మళ్లుతాయి. ఈసారి జాతరకు ఇంకా పదహారు రోజులున్నాయి.

"ఇంకెన్ని దినాలు చూస్తరు సార్ గా కాగితం దిక్కు? ముహూర్తం పెట్టియ్యాల్నా ఏంది?" అంటూ మేనేజరు విజేందర్ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. నాగేందర్ దగ్గర జూనియరుగా పనిచేసే మల్లిక గోడకు ఆనుకుని నిలబడింది.

"జాతర ఒడువనియ్యి విజేందర్. అటెన్క పెట్టుకుందం."

"జాతరకు గొర్లు పోతయి గని, సర్వర్లు గూడ పోతయా?"

మల్లిక నవ్వబోయి, నాగేందర్ ముఖం చూసి ఆగిపోయింది.

"మీ కిరాయి ఇండ్లన్నిటికి ఒక్కటే నల్లా గదా," అన్నాడు నాగేందర్ ఓపికగా. "దినమంత లెక్కగడితే నీళ్లు మస్తు మిగుల్తయి. గని పొద్దుగాల ఆరింటికి అందరు ఒక్కసారే బిందెలు పెడితే?"

"గట్ల లొల్లి అయినట్టు రికార్డున్నదా? ఉంటే సూపియ్యిండ్రి, పైనోళ్లకు చెప్త. పోయిన జాతరకైతే మీరే లీవుల ఉంటిరి..."

అనేశాక విజేందర్ నాలిక కరుచుకున్నాడు. ఆ లీవు ఎందుకో దవాఖానలో అందరికీ తెలుసు.

రికార్డు ఉంది. నాగేందర్ ఇంట్లో, బీరువాలో, భార్య భాగ్యలక్ష్మి చీరల అడుగున, ప్లాస్టిక్ కవర్లో. ఈ రెండేళ్లలో అతను ఆ కవరు తెరవలేదు.

మర్నాడు దాన్ని తెచ్చి విజేందర్ ముందు పెట్టాడు. ఒక ల్యాబు రిపోర్టు. భార్య పేరు, వయసు యాభై ఒకటి, పొటాషియం పరీక్ష. కింద చిన్న అక్షరాల్లో రక్తం తీసిన సమయం తొమ్మిది పది. రిపోర్టు వచ్చిన సమయం పన్నెండు ఇరవై ఐదు.

"గీ పరీక్షకు నలభై నిమిషాలు చాలు," అన్నాడు. "జాతర రెండో దినం. మూడు గంటల పదిహేను నిమిషాలు. చెరిగిపోనిది గిదొక్కటే ఉన్నది."

రెండేళ్ల కిందటి ఆ పొద్దున ల్యాబు కిటికీలోంచి ఎవరో "సిస్టం స్లో ఉన్నది సార్" అన్నారు, అతనితోనే. పైన సర్వర్ గదికి పోయి అక్కర్లేని మిషన్లు రెండు ఆపితే పది నిమిషాల్లో సర్దుకునేదే. కానీ ల్యాబు ముందు బెంచీ మీద కూర్చున్న అతని రెండు వేళ్లు స్ట్రెచర్ మీది భాగ్య పట్టుకుని ఉంది. విడిపించుకోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం రెండింటికి ఆమె పోయింది. ముందే రిపోర్టు వచ్చుంటే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు డాక్టరు. అతని వేళ్లు మాత్రం ఆమె చివరిదాకా వదల్లేదు. అది తలుచుకుంటే కొన్ని రోజులు ఊరటగా ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు.

విజేందర్ ఆ కాగితం చదివి నాగేందర్ వైపు జరిపాడు.

"ఒక్క కాగితానికి పైనోళ్లు ఆగరు సార్. సోమారం మిషన్లు ఎక్కుడే," అని గొంతు తగ్గించాడు. "జాతర దినాలల్ల మాత్రం ఏవి బందు పెడ్తరో మీ ఇష్టం. నన్ను అడగకుండ్రి. నేను సూడ."

నాగేందర్ కెపాసిటీ కాగితం తీసి, "అత్యధిక భారం" అన్న గడిలోని నలభై రెండును కొట్టేశాడు. దాని పైన భాగ్య పోయిన తేదీ వేసి, పరీక్షకు పట్టే నలభై పోను ల్యాబు ఆలస్యం నూటయాభై ఐదు నిమిషాలని రాసి, అప్పుడు సంతకం పెట్టాడు.

జాతర రెండో రోజు తొమ్మిదిన్నరకు క్యాజువాలిటీ బయట స్ట్రెచర్లు బారులు తీరాయి. పైన సర్వర్ గదిలో స్క్రీను ముందున్న మల్లిక కేకేసింది. "సార్, మెమరీ తొంభై దాటింది. ల్యాబు గుంజుతలేదు."

"ట్రైనింగుది ఆపు. ఇన్సూరెన్సుది ఆపు."

"ఇంకా ఎనభై ఎనిమిది."

"కెమెరాలది, గా నాలుగోది."

"నాలుగోది విజేందర్ సార్ సొంత రిపోర్టులది సార్."

"ఆయన సూడనన్నడు గదా బిడ్డా. ఆపు."

గీత మెల్లగా అరవై ఎనిమిదికి దిగింది. నాగేందర్ మెట్లు దిగి ల్యాబు ముందున్న బెంచీ మీద కూర్చున్నాడు. అదే బెంచీ. పక్కన ఒక ముసలమ్మ, కొంగంతా రక్తపు మరకలు. పేరు మారెమ్మట. మేకల వెంట పోతున్న భర్త పెద్దులును లారీ గుద్దిందట.

"మా తొవ్వకు ఎన్నడు లారీలు రాలే బిడ్డా. ఇయ్యాల ఏడికెల్లి వచ్చినయో. గా రగుతం కాగితం ఎప్పుడిస్తరో ఏమో."

"వస్తది అవ్వా. ఎంతసేపాయె?"

"నాకేం ఎరుక."

"పెద్దులు మనుషులెవరు?" అని కిటికీలోంచి పిలుపు వినిపించింది. ఆమె తీసుకొచ్చిన కాగితాన్ని నాగేందర్ అడిగి చూశాడు. రక్తం తీసింది పది ఐదుకు. రిపోర్టు పది నలభై మూడుకు. ముప్పై ఎనిమిది నిమిషాలు. ఆ అంకెల మీద అతని బొటనవేలు కొంచెంసేపు నిలిచిపోయింది.

"నీ మనిషి గూడ లోపల్నే ఉన్నదా బిడ్డా?" అంది మారెమ్మ, అతని కళ్లు చూసి.

"ఉండె అవ్వా. పోయిన జాతరకు."

ఆమె అతని పక్కన కూర్చోబోయింది. నాగేందర్ కాగితాన్ని ఆమె చేతిలో పెట్టి, భుజం పట్టి మెల్లగా క్యాజువాలిటీ వైపు తిప్పాడు.

"ఈడ కూసోకు అవ్వా. పో. జెల్ది పోయి డాక్టరుకియ్యి."