‘వానొస్తే’ లేని వాక్యం

అనంతపురం ఎండల్లో ఉన్నికోటు తొడుక్కుని నిలబడ్డవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? కంబదూరు దగ్గరి ఒక పల్లెకు ఆ వేసవిలో పోయినవాళ్ళంతా చూశారు. అయితే అది మనిషి కాదు, బయమ్మ తన చేలో నిలబెట్టిన దిష్టిబొమ్మ. ఒంటికి నల్లకోటు, మెడకు టై, నెత్తిన ఉన్నిటోపీ. చేలో అప్పటికి గింజ కూడా లేదు గానీ, వచ్చిన కోటు వృథా పోకూడదని ఆ ముసలామె ఉద్దేశం. పిట్టల మాట అటుంచండి, దారిన పోయే పెద్దమనుషులు కూడా తలపాగా సవరించుకుని దానికి దండం పెట్టి పోయారని అక్కడ చెప్పుకుంటారు.

నవ్వుకోండి, తప్పులేదు. కానీ ఆ కోటు ఆ పల్లెకు ఎట్లా చేరిందో తెలిస్తే మన నవ్వు సగంలో ఆగిపోతుంది.

ఆ ఊరి ఆడవాళ్ళు సంఘం కట్టి కట్టెగానుగ పెట్టుకున్నారు. తాము పండించిన వేరుశనగను తామే ఆడించి నూనె తీస్తారు. నూనె మేలైనదే, కొనేవాళ్ళే కరువు. అందుకని కిందటేడు అనంతపురంలో జరిగిన ఒక సమావేశానికి వెళ్ళారు. దూరరాష్ట్రాల నుంచి సరుకు కొనే సంస్థలవాళ్ళు అక్కడికి వచ్చారు. వాళ్ళకు తెలుగు రాదు, కన్నడమూ రాదు. "కన్నడమైతే నేనే దంచి పారేస్తాంటి" అని బయమ్మ ఇప్పటికీ అంటుంది. సంఘానికి సాయంగా ఉండే అశోక్ అనే యువకుడు వీళ్ళ తరఫున ఇంగ్లీషులో మాట్లాడాడు. మనసున్న పిల్లవాడు. కరువు గురించి, ఎండిన బోర్ల గురించి, వలసల గురించి రాళ్ళు కరిగేట్టు చెప్పాడు. వేదిక మీద వరుసగా కూర్చున్న ఆడవాళ్ళను చూసి ముందు వరుసలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు మోగాయి. ఏడాది తిరిగింది. నూనెకు ఆర్డరు రాలేదు. లారీ నిండా పాతబట్టలు వచ్చాయి.

ఆ మూటలు విప్పుతున్నప్పుడు సంఘంలో ఒకరైన హనుమక్క చేతిలో ఒక పసిపిల్ల స్వెట్టరు ఉంది. పక్కనే ఉన్న అశోక్‌ను ఆమె మెల్లగా అడిగింది.

"అశోకా, ఆ పొద్దు నువ్వు ఇంగ్లీషులో ఏం చెప్పినావప్పా?"

"మీ కష్టాలన్నీ చెప్పినానక్కా."

"మా నూనె సంగతి?"

అశోక్ తల గోక్కున్నాడు. "కడాకు చెబుదామనుకున్నా. టైమైపోయిందన్నారు."

హనుమక్క స్వెట్టరును మడిచి పక్కన పెట్టింది. "ఈసారి నేనే మాట్లాడతా" అంది.

"యాడ? ఇంగ్లీషులోనా?" బయమ్మ నోటి మీద వేలేసుకుంది. "ఐదో తరగతి నడుమ వదిలేసి గొర్రెల ఎంట పోయినదానివి కదే!"

"ఆ గొర్రెలు తెలుగులో అరిసినాయి అత్తా. ఇంగ్లీషులో అరిసింటే నాకీపాటికి వచ్చిండేది."

అందరూ నవ్వారు. హనుమక్కకు మాత్రం అది నవ్వులాట కాదు. గానుగ రాకముందు, పంట పోయిన ఏడల్లా ఆమె, భర్త గంగాధరప్ప బెంగళూరులో మేడలు లేచే చోట కూలికి ఉండేవాళ్ళు. ప్లాస్టిక్ పట్ట కప్పిన గుడిసెలో కాపురం. అన్నంలో సిమెంటు, దగ్గులో సిమెంటు. తిరిగివచ్చి తన ఇంటి తలుపు తీసిన రోజున ఇక ఈ ఊరు వదలనని గట్టిగా అనుకుంది. ఈ ఏడు కూడా నూనె కొనే నాథుడు దొరక్కపోతే గానుగ మూతపడుతుంది. ఆమె మళ్ళీ బెంగళూరు బస్సెక్కాలి. ఈ ఏటి సమావేశం నెలాఖరులోనే.

అదే ఊళ్ళో ఆటో నడిపే యేసన్నకు సారా అని ఒక కూతురు. డిగ్రీ చదివింది, పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. హనుమక్క ఆమెను పట్టుకుంది. అది విత్తనం కాయలు వొలిచే కాలం. ఆ పల్లెలో వొలుపు బదులు మీద నడుస్తుంది. ఈ రోజు అందరూ ఒకరింటికి చేరితే రేపు అందరూ ఇంకొకరింటికి. సారా కూడా ఒక చాట ముందేసుకుని వాళ్ళ మధ్య కూర్చుంది. పాఠం అక్కడే మొదలైంది.

"పెద్దమ్మా, ఇంగ్లీషు చెరువంత ఉంటాది. మనకు చెంబెడు చాలు" అంది సారా. "'కాయలు వొలుస్తాండా' అంటే ఇప్పుడు, ఈ గడియలో చేసే పని. 'మేం ఏటా కాయలు వొలుస్తాం' అంటే అది మన బతుకు. రోజూ జరిగేది, ఏటా జరిగేది, ఎప్పుడు చెప్పినా నిజమయ్యేది చెప్పడానికి ఇంగ్లీషులో ఒక పద్ధతి ఉండాది. దాన్ని సింపుల్ ప్రెజెంట్ అంటారు. మనకు కావల్సింది అదే. వీ సో. వీ వీడ్. మేం విత్తుతాం, కలుపు తీస్తాం."

"ఇంతేనా!" అంది బయమ్మ. "రెండు మాటలకే అయిపాయనే!"

"ఇంకొకటి ఉండాదవ్వా. మనం గాక, అవతల ఒక్క మనిషి గురించి చెప్పేటప్పుడు మాట చివర 'స్' తగిలించల్ల. గంగాధరప్ప పెద్దనాయన డ్రింక్స్ టీ. బయమ్మవ్వ టాక్స్."

"అంటే ఒంటిగా ఉండే మనిషికి తోక పెడతారు. సంఘంగా కూడితే తోక పోతాది." బయమ్మ తృప్తిగా తలాడించింది. "బుద్ధి గలోళ్ళే చేసినారు ఈ భాష."

ఆ వారమంతా గంగాధరప్పకు ఊళ్ళో తిరగడం కష్టమైంది. ఆయన కనబడితే చాలు, చాటల వెనక నుంచి "హీ కమ్స్! హీ వాక్స్! హీ సిట్స్!" అని ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అందుకునేవాళ్ళు. "ఏమప్పా, నా ఎనక ఆ బుసలేంది? పాములు పెంచుతాండారా?" అని ఆయన కండువా దులుపుకుని పోయేవాడు. ఊరి కోడిపుంజు తెల్లవారుజామున కూత మొదలుపెట్టబోయి, తోక తగిలించాలా వద్దా అని కాసేపు ఆలోచించి కూసిందని కూడా అంటారు. నమ్మేవాళ్ళు నమ్మండి.

అంతా సాఫీగా సాగుతుండగా ఒక చిక్కు వచ్చింది. హనుమక్క ఏ వాక్యం చెప్పినా దాని చివర ఒక ముక్క అతుక్కునేది.

"వీ సో గ్రౌండ్‌నట్, ఇఫ్ రెయిన్ కమ్స్. వీ ప్రెస్ ఆయిల్, ఇఫ్ రెయిన్ కమ్స్. ఐ వేక్ అప్ ఎట్ ఫైవ్, ఇఫ్ రెయిన్ కమ్స్."

"నిద్ర లేసేదానికి వానెందుకు పెద్దమ్మా?"

"ఏమో పాపా, నోరు ఆగల్యా."

ఇందులో వింతేమీ లేదు. ఆ సీమలో మబ్బు కనబడితే, పాపం దారి తప్పి వచ్చిందని ఊరివాళ్ళు దాన్ని పలకరించి పక్క జిల్లాకు దారి చూపించి పంపుతారట. అలాంటి చోట 'వానొస్తే' అనకుండా ఎవరూ ఏ మాటా ముగించరు. వానొస్తే విత్తుతాం. వానొస్తే పెండ్లి పెట్టుకుంటాం. వానొస్తే ఇంటికి సున్నం కొడతాం. తెగేసి 'విత్తుతాం' అంటే ఆకాశానికి కోపం వస్తుందని ఒక భయం. తాతల నుంచి వచ్చిన మర్యాద అది.

"ఆ ముక్క తీసేయల్ల పెద్దమ్మా" అంది సారా. "కొనేవాళ్ళు వింటే, వీళ్ళ పనికే నమ్మకం లేదనుకుంటారు."

"తీసేస్తే ఎట్లే?" బయమ్మ అడ్డుపడింది. "అట్లా తెగ్గొట్టి చెప్పగూడదు. పైవాడు వింటాంటాడు."

"పైవాడికి ఇంగ్లీషు వస్తాదా అవ్వా?"

"వానే రానీడు, ఇంగ్లీషు రానిస్తాడా!" అంది బయమ్మ. కానీ ముఖంలో భయం అట్లాగే ఉంది. హనుమక్కకూ మనసొప్పలేదు. రానిదాన్ని వస్తుందని చెప్పడం అబద్ధమాడినట్టు కదా అనిపించింది.

ఆ సాయంత్రం గంగాధరప్ప ఇంటి ముందు కూర్చుని విత్తే గొర్రుకు కొత్త చెక్క బిగిస్తున్నాడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. హనుమక్క నీళ్ళచెంబు పక్కన పెట్టి, ఆయన్నే చూస్తూ నిలబడింది.

"ఏమే, అట్ల చూస్తాండావు? 'హీ సిట్స్' అంటావా?"

"అదిగాదు. వాన జాడే లేదు గదా, గొర్రు ఎందుకు బాగుచేస్తాండావు?"

ఆయన వింతగా చూశాడు. "ముంగారు వానల కాలం వస్తాండాది. ఇత్తద్దా?"

"రాకపోతే?"

"మూడేండ్ల కింద వచ్చిందా? ఎదురుచూసి చూసి అదును దాటినాక ఉలవలు ఇత్తినాం. ఆ ముందేడు మొలిచి మాడిపాయ, మళ్ళా ఇత్తినాం. మా నాయన కాలంలో పశువులకు గడ్డి లేకపోయినా చేను బీడు పెట్టలేదు. ఇత్తకుండా ఉండిన ఏడు యాడుండాది?" అని ఆయన సుత్తి మళ్ళీ అందుకున్నాడు.

హనుమక్క చెంబును అక్కడే మరిచి సారా ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆలోచన. వాన ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు రాదు. అది వాన సంగతి. విత్తడం మన సంగతి. అది ఏ ఏడూ తప్పలేదు. తప్పనిదాన్ని ఎంతకాలంగా అనుమానంగా చెప్పుకుంటూ వచ్చాం!

మరునాడు వొలుపు దగ్గర ఆమె ఈ మాటే అందరి ముందూ పెట్టింది. బయమ్మ చేతిలోని కాయను చాలాసేపు వొలవకుండా పట్టుకుంది. తను కాపురానికి వచ్చిన ఏడు నుంచి ఒక్కో కరువునూ తలుచుకుంది. వేరుశనగ పోయిన ఏడు జొన్న, జొన్న పోయిన ఏడు ఉలవ. ఖాళీగా పెట్టిన ఏడు గుర్తుకు రాలేదు.

"నిజమేనే" అంది చివరికి. "చెప్పు, తెగ్గొట్టే చెప్పు. కోపమొస్తే ఆ పైవాడు నాతో మాట్లాడతాడు లే."

సమావేశం రోజున హనుమక్క వేదిక ఎక్కింది. అశోక్ మైకు సరిచేసి, "అవసరమైతే పక్కనే ఉంటానక్కా" అని మనస్ఫూర్తిగా చెప్పి తప్పుకున్నాడు. ఎదురుగా అంతమంది. నేర్చుకున్న నమస్కారాలూ గౌరవవచనాలూ అన్నీ గాలికి పోయాయి. ముందు వరుసలో సారా పెదవులు బిగించి చూస్తోంది. ఆమె పక్కన బయమ్మ, తానే మాట్లాడాల్సినట్టు గొంతు సవరించుకుంటోంది.

"వీ సో ఎవ్రీ ఇయర్" అంది హనుమక్క. మేం ఏటా విత్తుతాం.

అంతే. ముడి వీడింది. మేం చేతులతో కలుపు తీస్తాం. కాయలు ఎండలో ఆరబెడతాం. కట్టెగానుగలో ఆడిస్తాం. ఇంకో నూనె కలపం. మా పిల్లలు ఇదే నూనె తింటారు. నాలుగేసి మాటల వాక్యాలు. గొర్రు వెనక గింజలు పడ్డట్టు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. ఆ హాల్లో కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఎవరూ లేరు. కలం తీసినవాళ్ళు కనబడ్డారు.

పూణే నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి గబగబా ఏదో అడిగింది. హనుమక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అశోక్ ఒక అడుగు ముందుకు వేశాడు. హనుమక్క చేత్తో వారించి, "మేడం, స్లోలీ ప్లీజ్" అంది.

ఆ పెద్దావిడ నవ్వింది. ఇంగ్లీషు తనకూ ఇంటి భాష కాదని, తానూ బడిలో తంటాలు పడి నేర్చుకున్నదేనని చెప్పి, ఈసారి ఒక్కో మాటా విడదీసి అడిగింది. వాన రాని ఏడు మీరేం చేస్తారు?

"వీ కీప్ సీడ్" అంది హనుమక్క. విత్తనం దాచుకుంటాం. "వీ ప్రెస్ లెస్. వీ టెల్ యు ఫస్ట్." తక్కువ ఆడిస్తాం, ఆ మాట ముందే మీకు చెబుతాం. "వీ డు నాట్ స్టాప్" అని ముగించింది. మేం ఆగం.

చప్పట్లు కిందటేడు కంటే తక్కువే మోగాయి. కానీ పూణే ఆవిడ ఆ రోజే ఏడాది పొడుగునా నూనె తీసుకుంటానని మాటిచ్చింది. ఒక్క షరతు పెట్టింది. వారం వారం ఫోనులో తనతో మాట్లాడాల్సింది ఇంకెవరూ కాదు, హనుమక్కే.

"ఇంగ నీ ఫోను మాకు చిక్కినట్టే" అని బయమ్మ మూతి తిప్పింది. తిప్పిన మూతి చాలాసేపు నవ్వుతూనే ఉంది.

తిరిగివచ్చే బస్సులో సారా హనుమక్క పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, రేపటి నుంచి ఊళ్ళో ఆడపిల్లలకు నువ్వూ నాతో కూర్చుని చెప్పల్ల. నేను చెప్తే అది పాఠం. నువ్వు చెప్తే ధైర్యం."

హనుమక్క కిటికీ బయటి ఎర్రనేలలను చూసింది. దున్ని సిద్ధంగా ఉన్న చేలు రోడ్డుకు రెండు పక్కలా పరుచుకుని ఉన్నాయి.

"కూర్చుంటా పాపా" అంది. "వాళ్ళకు మొదట ఒకటే చెప్తా. భాష ఎవురిదైనా నేర్చుకోండి, రాకపోతే మెల్లగా చెప్పమని అడగండి, సిగ్గుపడొద్దండి. మన కష్టాన్ని ఇంకొకరు చెప్తే లోకం జాలిపడి పాతబట్టలు పంపుతాది. మన పనిని మనమే చెప్పుకుంటే లోకం మనల్ని మనుషులుగా చూస్తాది."