ఎడమకాలి పట్టీ

నేను ఒక వెండి పట్టీని, ఎడమకాలి దాన్ని. మంగళగిరి కంసాలి మా ఇద్దరినీ ఒకే వెండితో చేశాడు. మువ్వ మాత్రం నాకే ఒకటి ఎక్కువ పడింది, అందుకని అక్కను నేనేనని మిడిసిపడ్డాను.

మగ్గం నేసే మార్కండేయులు పెళ్లయిన కొత్తలో మమ్మల్ని కొని భార్య భద్రావతికి తొడిగాడు. గుంటమగ్గంలో కూర్చుని ఆమె తొక్కుతుంటే, నా మోతను బట్టే పక్కమగ్గం మీద ఆయన చెయ్యి ఆడేది. ఆహా, ఏం రోజులవి! ఇప్పటికీ ఆ పాదం మీదే నా బెంగ.

నలభయ్యో ఏట ఆమెకు కీళ్లవాతం పట్టుకుంది. చీలమండలు రెండూ పొంగేవి, తగ్గేవి. మేమూ కలిసే బిగిసేవాళ్లం, కలిసే వదులయ్యేవాళ్లం. మార్కండేయులు నువ్వులనూనె కాచి పిక్కలు రుద్దేవాడు. మనుషులకు ప్రేమ పుడితే చాలు, నొప్పి ఏదో ఏమిటో అడక్కుండా రుద్దేస్తారు.

ఒకనాడు నేనొక్కదాన్నే బిగిశాను. పిక్క ఎర్రబడి కాలిపోతోంది. ఆయన నూనెగిన్నెతో వచ్చి, ముందు మమ్మల్ని తీయబోయాడు. కుడికాలిది ఇట్టే వచ్చింది. నేను చర్మంలో దిగబడిపోయి రాలేదు. సిగ్గుతో చచ్చాను. కానీ ఆయన చెయ్యి ఆగింది.

"ఏందే భద్రా, ఇదొక్కటే ఇట్టా వాచింది? నీ వాతమైతే రెండూ పొంగుతయ్ గదా."

గిన్నె అక్కడే వదిలేసి గుంటూరు తీసుకెళ్లాడు. ఆసుపత్రిలో నన్ను కత్తిరించారు. స్కానింగ్ చూసి డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో ఏళ్ల తరబడి వాపు రగులుతుంటే నెత్తురు తేలిగ్గా గడ్డకడుతుందట. ఆ గడ్డ మళ్లీ వాపును పెంచుతుందట. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయట. ఆ పూట పిక్క రుద్ది ఉంటే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయేదేమోనట. మార్కండేయులు తన అరచేతులు చూసుకున్నాడు.

భద్రావతి బతికింది. వాతానికి మందులు, నెత్తురు గడ్డకట్టకుండా మాత్రలు. కుడికాలిది మళ్లీ పాదమెక్కింది. నేను నూలు చుట్టే కండెల డబ్బాలో పడ్డాను. భద్రావతి రోజూ పొద్దున్నే నన్ను తీసి ఎడమ చీలమండకు చుట్టి చూస్తుంది. తెగిన నా కొసల మధ్య ఎడం పెరిగితే వాపు పెరిగినట్టే, డాక్టరమ్మకు ఫోను. మొదట్లో రెండు వేళ్ల ఎడం ఉండేది. తర్వాత ఒక వేలు, ఆపైన బియ్యపుగింజంత.

మొన్న కొసలు కలిశాయి. అతికించుకొస్తానని మార్కండేయులు చెప్పులేసుకున్నాడు. నా మువ్వలన్నీ పులకరించాయి.

"వద్దులే అయ్యా. అతికిస్తే రేపు దేంతో చూసుకునేది?" అంది భద్రావతి.

మళ్లీ డబ్బాలో పడుకున్నాను. బయట మగ్గం ఆడుతోంది, కుడికాలిది ఒక్కటే మోగుతోంది. తెల్లారితే ఒక్క నిమిషం ఆ పాదం నాది.