టోపీ పొట్టేలు

మెరిన్ రోడా అడిలైడ్‌లో బ్యాంకులకూ బీమా కంపెనీలకూ గుర్తులుగా నీలం గుండ్రాలు గీసి గీసి విసిగిపోయి, పెట్టె సర్దుకుని సొంతూరు మూంటాకు వచ్చేసింది. వచ్చీ రాగానే మేనమామ క్లెమ్ పని తెచ్చిపెట్టాడు. ఆయన టమాటా పచ్చడి ఊరంతా తింటుంది గానీ ఎవరూ కొనరు, ఆయనే ఉచితంగా పంచిపెడతాడు కనుక. ఈసారి సీసాకు మంచి లేబుల్ అంటించి ఊరి సంతలో అమ్మాలని ఆయన పట్టుదల.

"చూడగానే మా అమ్మ గుర్తుకు రావాలే," అన్నాడు.

"అమ్మమ్మకి వంటే రాదు కదా మామయ్యా!"

"అందుకేగా అంత బాగా గుర్తుండిపోయింది. నువ్వు గియ్యి ముందు."

మెరిన్ ఎంత గీసినా అన్నీ బ్యాంకు గుర్తుల్లాగే వచ్చాయి. చివరికి నోలా హాస్కింగ్ ఇంటికి వెళ్ళింది. నోలా మొగుడు పోయాక ఆయన లారీ షెడ్డు నిండా పాత డబ్బాలు చేర్చిన మనిషి. బిస్కెట్లవి, టీ పొడివి, బూటు పాలిష్‌వి, గొర్రెల పేలమందువి, అగ్గిపెట్టెలు, ఒకటనేమిటి!

"ఫొటోలు తియ్యకూడదు. వాటికి సిగ్గు," అంది నోలా. "కాగితం మీద దించుకోకూడదు. కూర్చుని చూడు. ఇంటికెళ్ళాక ఎంత గుర్తుంటే అంతే నీది."

మెరిన్ రోజూ వెళ్ళి బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. చూడగా చూడగా ఆ డబ్బాల కిటుకు అంతుపట్టింది. ఎర్ర రంగు గీత దాటి రవ్వంత పక్కకు జరిగి ఉండేది. బొమ్మల్లోని అమ్మాయిల పెదవుల రంగు బుగ్గల మీదికి ఒలికేది. చేత్తో రాసిన అక్షరాల్లో ఏ రెండూ ఒక్క ఎత్తులో ఉండవు. పేలమందు డబ్బా మీది గొర్రె మాత్రం తీర్పు చెప్పబోయే జడ్జీలా నిలబడి ఉంది. ఆ తప్పులన్నీ చూసేసరికి ఆమె ప్రాణం లేచివచ్చింది. ఇంటికి పరుగెత్తి ఒక్క ఊపున గీసింది: నల్ల టోపీ పెట్టుకున్న పొట్టేలు, చేతిలో గరిటె, గీత దాటిన ఎరుపు.

సంత రోజు మొదట వచ్చినవాడు జేబెజ్ ట్రెంబాత్. ఎనభై దాటినా నిటారుగా నడిచే పెద్దమనిషి. సీసా చేతిలోకి తీసుకుని, నెత్తిమీది టోపీ తీసేశాడు.

"వచ్చేసిందా మళ్ళీ!"

"ఏదండీ?"

"టోపీ పొట్టేలు! నాకు దగ్గొస్తే మా అమ్మ ఇదే కదా గుండెలకి రాసేది."

"ఇది పోయిన నెల నేను గీశానండీ. లోపల ఉన్నది టమాటా పచ్చడి."

"నీ వయసెంతమ్మా?" అన్నాడాయన జాలిగా.

వెనకే వచ్చినావిడ తన తండ్రి దీంతోనే బూట్లు తుడిచేవాడంది. ఇంకొకాయనకు దీని వాసన కూడా జ్ఞాపకం ఉంది. మధ్యాహ్నానికల్లా సీసాలన్నీ చెల్లిపోయాయి. ఎవరూ మూత తియ్యలేదు. ఇళ్ళలో పెళ్ళి ఫొటోల పక్కన పెట్టుకున్నారు. క్లెమ్ మాత్రం దిగులుపడ్డాడు. "ఒక్కడైనా నాకితే బాగుండేది," అని గొణుక్కున్నాడు.

మర్నాడు ఊళ్ళోని పాత వస్తువుల సంఘం వాళ్ళంతా, జేబెజ్‌తో సహా, నోలాను ముందు పెట్టుకుని మెరిన్ గుమ్మంలోకి వచ్చారు.

"నా పై అరలో టోపీ పొట్టేలు డబ్బా లేదు," అంది నోలా. "ఎక్కడ పెట్టావో చెప్పు పిల్లా."

"అలాంటి డబ్బా మీ దగ్గర ఎప్పుడూ లేదు నోలా గారూ!"

"లేకపోతే ఎలా పోయింది?"

మెరిన్ తను చెరిపి చెరిపి దిద్దుకున్న చిత్తు కాగితాలు తెచ్చి చూపింది. జేబెజ్ వాటిని ఒక్కొక్కటే తిరగేసి తల పంకించాడు.

"పాపం, నకలు తియ్యడానికి ఎంత కష్టపడిందో చూడండి. పిల్ల పనిమంతురాలే."

సంఘం తీర్పు చెప్పింది. మూతపడ్డ పచారీ కొట్టు గోడ మీద ఒకప్పుడు ఉన్న టోపీ పొట్టేలును మెరిన్ మళ్ళీ వెయ్యాలి. ఆమె వెళ్ళి చూస్తే గోడ తెల్లగా ఉంది.

"ఇక్కడేమీ లేదు కదండీ!"

"వెలిసిపోయింది," అంది నోలా. "అప్పటి రంగులు. వెలిస్తే పూర్తిగా వెలుస్తాయి."

క్లెమ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వెయ్యవే తల్లీ. ఊళ్ళో నా ముఖం చూసేవాడు లేకుండా పోయాడు."

సరేనని నిచ్చెన ఎక్కింది. కింద జనం మడత కుర్చీలు వేసుకుని, మాంసం కూరిన కజ్జికాయల్లాంటి పాస్టీలు వేడివేడిగా కొరుకుతూ కూర్చున్నారు.

"కొమ్ము ఎడమకి తిరగాలి!"

"టోపీకి ఈక ఉండేదిగా, మరిచిపోయావా?"

మొదట్లో ఆమె ఒంటికాలిమీద లేచింది. గీసింది తనైతే, సరిదిద్దడానికి వీళ్ళెవరు? కానీ కొమ్ము ఎడమకు తిప్పేసరికి పొట్టేలు తూలడం మానేసింది. ఈక పెడితే గోడకంతటికీ ఊపిరొచ్చింది. అదే ఆమెను ఎక్కువ గుచ్చింది.

అప్పుడు జేబెజ్ మెల్లగా అన్నాడు: "దానికి ఒక కన్ను మూసి ఉండేది. నేను బడికి పోతుంటే కన్ను కొట్టేది. నాకొక్కడికే."

మెరిన్ కుంచె ముంచి పొట్టేలుకు ఒక కన్ను మూసింది. కింద నమలడాలు ఆగిపోయాయి. జేబెజ్ జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదాడు. నోలా ఇంటికి పోయి తన సీసా తెచ్చి, మూత తిప్పి, పచ్చడి అందరి పాస్టీల మీదా వేసింది. క్లెమ్ ఒక్కొక్కరి నోటివంకే చూస్తూ నిలబడ్డాడు.

మెరిన్ దిగి, వీధి అవతలికి నడిచి, అక్కణ్ణుంచి గోడను చూసింది.

"ఆ ఈక... ఇంకాస్త ఎర్రగా ఉండేది కదూ?" అంది.

"ఉండేది," అన్నాడు జేబెజ్ ఆశ్చర్యంగా. "నీకెలా తెలుసు? నువ్వు పుట్టకముందే చెరిగిపోయిందే!"

ఆమె ఎర్ర డబ్బా అందుకుని మళ్ళీ నిచ్చెన ఎక్కింది.