లోపలి గడియ

కాశమ్మకు కావలసింది ఒక్కటే. తనకంటూ ఒక గది, దానికి లోపలినుంచి గడియ పెట్టుకునే తలుపు. అంతకుమించి ఆ మనిషి ఈ లోకంలో ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ ఒక్కటీ ఎంత పెద్ద కోరికో ఆమెకు అప్పటికి తెలియదు, పాపం.

మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో, ఆ జిల్లా మద్రాసు దొరల ఏలుబడిలో ఉన్న రోజులవి. మార్కాపురానికీ పుల్లలచెరువుకూ నడుమ ఒక మెట్ట ఊళ్ళో అన్నదమ్ములు వేరుపడ్డారు. చిన్నవాడు మాలకొండయ్య వాటాకు తాతలనాటి మట్టిమిద్దె వచ్చింది. దూలాలు చెదలు తిన్నాయి, కప్పు మీద గడ్డి మొలిచింది, తలుపులు లేవు. అయినా మాలకొండయ్యకూ, పెళ్ళాం యల్లమ్మకూ తమదంటూ దొరికిన మొదటి కొంప అది. దాన్ని బాగుచేయించి నలుగురిచేతా శభాష్ అనిపించుకోవాలని ఇద్దరికీ ఒకటే తహతహ.

కాశమ్మ మాలకొండయ్యకు అక్క. తల్లి పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆమెకు పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోయాడు. పుట్టింటికి వచ్చిపడి, అప్పటినుంచి ఉమ్మడి ఇంటి వసారాలో తిరగలి పక్కన పడుకుంటోంది. లేచినవాళ్ళూ పడుకున్నవాళ్ళూ ఆమెను దాటుకుంటూ తిరిగేవాళ్ళు. ఒక పండక్కి గిద్దలూరు నుంచి యల్లమ్మ అన్న కాటమరాజు వచ్చాడు. చీకట్లో దోవ తప్పినవాడిలా వచ్చి ఆమె దుప్పటి పట్టుకున్నాడు. ఆమె రోకలెత్తింది. వాడు కిసుక్కున నవ్వి వెళ్ళిపోయాడు. తెల్లారి ఎవరితో చెప్పుకోవాలి? చెప్పినా ఎవరిని తిడతారో ఆమెకు తెలియదా? ఆ నాటినుంచి రోకలి పక్కలో పెట్టుకునే పడుకునేది.

అత్తింటివాళ్ళు మనోవర్తి కింద ఇచ్చిన చేను ఒకటి ఆమె పేర ఉంది. అది అమ్మితే తప్ప ఇల్లు లేవదని తమ్ముడు వచ్చి కాళ్ళదగ్గర కూర్చున్నాడు.

"ఇస్తా నాయనా. నాకో గది ఇయ్యి. చిన్నదైనా సరే, లోపల గడియుండాల," అంది కాశమ్మ.

"అదేమి మాటక్కా! నీకు కాకుంటే ఎవరికి కడతా?" అన్నాడు మాలకొండయ్య.

అనడానికేం, నోరు అరుగుతుందా? ఆమె వేలిముద్ర వేసేసింది.

ఇక దుకాణాల తిరుగుడు. మాలకొండయ్య బేరాల దగ్గర ఒట్టి మెతక. దుకాణంవాడు "అన్నా" అని ఒక్క పిలుపు పిలిస్తే కరిగిపోయి, అడిగినంతా ఇచ్చి, పైగా దండం పెట్టి వస్తాడు. అందుకని కాశమ్మను బండెక్కించుకుని పోయేవాడు. ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి దుకాణం మెట్టెక్కితే మాత్రం వేరే అవతారం. మేకు చేతికిస్తే వంచి చూసేది, చెక్క చూపిస్తే వేలితో కొట్టి చెవి ఆనించేది.

మొదట మార్కాపురం బజారులో చిన్నయ్య శెట్టి దుకాణానికి పోయారు. పెద్ద దుకాణం. బయట సున్నం బస్తాలు, లోపల రంగు డబ్బాలు. శెట్టి కాశమ్మ బోసి నుదురు చూశాడు, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. ఇంకా బోణీ కాలేదు."

అక్కా తమ్ముడూ ఎండలో నిలబడ్డారు. కాదు, అక్క నిలబడింది. తమ్ముణ్ణి శెట్టి లోపలికి పిలిచి పీట వేశాడు. ఎవడో వచ్చి గుప్పెడు మేకులు కొనుక్కుపోయాక ఆమెకు దారి దొరికింది. అప్పుడు చూడాలి శెట్టి తీపి మాటలు!

"మద్రాసు సరుకమ్మా. మీ మనవళ్ళ కాలందాకా చెక్కుచెదరదు."

పిల్లే పుట్టని మనిషికి మనవళ్ళట. కాశమ్మ గడియ చేతిలోకి తీసుకుని లాగింది. అది పిల్లి తోక తొక్కినట్టు కీచుమంది. వెనక్కి పెట్టేసింది.

తర్వాత పొదిలి సంతకు బండి కట్టారు. అక్కడ పాత ఇళ్ళు పీకిన సరుకంతా చెట్లకింద పరిచి అమ్ముతారు. కాశమ్మకు ఒక ద్వారబంధం నచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, రాయిలా ఉంది. శెట్టి చెప్పిన ధరలో సగమూ లేదు. కానీ ఆ పూట యల్లమ్మ కూడా బండెక్కి వచ్చింది.

"ఎందుకు పీకినారీ ఇంటిని?" అని అడిగింది యల్లమ్మ.

సంతవాడు అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో ముసలాయన చెడ్డ నక్షత్రంలో పోయాడట. ఇల్లు ఆరునెలలు పాడుపెట్టాలన్నారట. పాడుపెట్టిన ఇంట్లోకి మళ్ళీ ఎవరికీ కాలు పెట్ట బుద్ధి కాలేదట.

"నా కొంపలోకి చావు తెస్తావా వదినా?" అని యల్లమ్మ సంత సంతంతా వినేలా అరిచింది. కాశమ్మ ద్వారబంధం మీదనుంచి చెయ్యి తీసేసింది.

ఆఖరిది రైలు స్టేషను దోవలో సాయిబు దుకాణం. చిన్న చీకటి కొట్టు. సాయిబు నోట్లో తమలపాకు. ఆ నోరు తెరిచి ఒక్క మాట వృథా చేయడు. బోణీ అయిందా అని కాశమ్మే భయపడుతూ అడిగింది.

"నీ చెయ్యి ఇనుమును తింటదా ఏంది? చూసుకోమ్మా," అన్నాడు సాయిబు.

ఆ మాటకే ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక్కో గడియా తీసి లాగి చూసింది, తోసి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. మాలకొండయ్య ఆవులించాడు. చివరికి దొరికింది. బొటనవేలంత లావు, పొడుగాటి కడ్డీ. వెన్నలో వేలు పోయినట్టు పోతుంది, వస్తుంది, చప్పుడనేది లేదు. తాను ఎప్పుడు పెట్టుకుందో, ఎప్పుడు తీసుకుందో ఇంట్లో ఒక్క ప్రాణికి తెలియనక్కరలేదు.

"లోపలికా, బయటికా? రెండు దిక్కులకూ పనికొస్తది," అన్నాడు సాయిబు.

"లోపలికే," అంది కాశమ్మ.

మాలకొండయ్య పక్కనే నిలబడి విన్నాడు. విన్నాడని మర్చిపోకండి.

దారి పొడుగునా ఆమె ఆ గడియను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికి కావలసిన తక్కినదంతా కూడా ఆమే ఏరింది. మడతబందులు సాయిబు దగ్గర, సున్నం శెట్టి దగ్గర, దూలాలు సంతలో ఇంకొకడి దగ్గర. ఏ దుకాణంలో ఏది మేలో నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

తలుపులు బిగించే రోజు ఆమెను సజ్జకోతకు పంపారు. పొద్దు వాలేవేళకు వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా తన గదికి పోయింది. పడమటి పక్క చిన్న గది. కాళ్ళు చాపితే ఎదుటి గోడ తగులుతుంది. పిండి విసరడం ఎటూ ఆమె పనే కదా అని యల్లమ్మ తిరగలిని కూడా అందులోకే చేర్చింది. ఉండనీ! కాశమ్మకు అది రాజుగారి మేడలాగే కనిపించింది. లోపలికి పోయి తలుపు మూసి, గడియ కోసం చెయ్యి చాచింది. చేతికి ఉత్త చెక్క తగిలింది. పైనుంచి కిందిదాకా తడిమింది. తలుపు తీసి చూస్తే గడియ బయటుంది.

"తిరగేసినావేంది పోలయ్యా?" అని వడ్రంగిని అడిగింది.

పోలయ్య ఉలులు సర్దుకుంటూ తలెత్తలేదు. "చెప్పినట్టే పెట్టినానమ్మా," అన్నాడు.

మాలకొండయ్య వచ్చాడు. "బయటుంటే బీగం యేసుకోవచ్చునక్కా. నువ్వు చేనికి పోతే నీ సామాన్లకు జాగర్త వద్దా? లోపలికి ఇంకొకటి తెస్తాలే," అన్నాడు.

ఆమె సామాన్లేమిటి? రెండు చీరలు, ఒక చెంబు, ఆ రోకలి. అయినా తమ్ముడు తన చీరల గురించి ఆలోచించాడని ఆమె మురిసిపోయింది. పిచ్చిది! పెంచిన చెయ్యి కదా, నమ్మకుండా ఉండలేదు.

గృహప్రవేశం రానే వచ్చింది. పిండంతా కాశమ్మే విసిరింది, కూరలు తరిగింది, నాపరాళ్ళు కడిగింది. చుట్టాల బండ్లు ఊరి మొగదల కనబడగానే యల్లమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"తెల్లారకముందు లేచినావు వదినా. కాసేపు నడుం వాల్చుపో."

మరదలు తన నడుం గురించి అడగడం అదే మొదలు. కాశమ్మ పోయి వాలింది. తలుపు మూసుకుంది. కాసేపటికి మేళం వినపడింది, పాలు పొంగాయని కేకలు వినపడ్డాయి. తన చేనుతో లేచిన పొయ్యి మీద పాలు పొంగడం చూడాలని లేచి తలుపు లాగింది. రాలేదు.

"యల్లమ్మా! తలుపు బిగుసుకుంది!"

"బిగుసుకోలా," అని సందులోంచి గుసగుస వచ్చింది. "ముత్తైదువలు గడప దాటుతుంటే నువ్వు ఎదురైతే బాగుంటదా? నీకు తెలవని సంగతా వదినా? అరవబాక."

కాశమ్మ అరవలేదు. ఇక ముందు ఈ ఇంట్లో ఏ శుభం వచ్చినా తనకు ఇదేనని ఆమెకు తెలిసిపోయింది. గది తన కోసం కట్టలేదు, తనను దాచడం కోసం కట్టారు. దానికి గడియ తానే ఏరి తెచ్చి ఇచ్చింది.

బయట మాలకొండయ్య చుట్టాలకు ఇల్లు చూపిస్తున్నాడు. గొంతులో ఎంత దర్జా!

"మార్కాపురంలో శెట్టి సరుకంతా ఒట్టి తళుకు. పొదిలి సంతలో దూలాలు మేలు. ఇనుమంటే సాయిబు దగ్గరే. దుకాణం దుకాణం తిరిగి, నేనే వంచి చూసి, కొట్టి చూసి తెచ్చినా. ఈ గడియ చూడు బావా! చప్పుడుందా?"

"ఏదీ, నన్ను చూడనీ."

ఆ గొంతు కాటమరాజుది. కాశమ్మ తలుపుకు చెవి ఆనించింది. తలుపు అవతల వాడు గడియ తీస్తున్నాడో, పెడుతున్నాడో, మళ్ళీ తీస్తున్నాడో, ఆమెకు ఏమీ వినపడలేదు.

"అబ్బో! తీస్తే లోపల పడుకున్నోళ్ళకు కూడా తెలవదు గదా బావా!" అని కాటమరాజు కిసుక్కున నవ్వాడు. మాలకొండయ్య కూడా నవ్వాడు.

కాశమ్మ రోకలి తీసుకుంది. ఒక కొనను తలుపు అడ్డచెక్క కింద పెట్టింది. రెండో కొనను నేలమీద ఏటవాలుగా తన్నిపెట్టి, దాని వెనక తిరగలిని జరిపింది. ఊగించి చూసింది. కదల్లేదు. అప్పుడు వెళ్ళి తిరగలి మీద కూర్చుంది.

చుట్టాల భోజనాలయ్యాయి. అంట్లు గుట్టపడ్డాక యల్లమ్మకు వదిన గుర్తొచ్చింది. వచ్చి గడియ తీసి తోసింది. తలుపు రాలేదు.

"వదినా! అంట్లున్నాయి, రా."

పలుకు లేదు. తలుపు బాదింది. మాలకొండయ్య వచ్చాడు, భుజంతో తోశాడు. సాయిబు బందులు, గట్టి తలుపు, కాశమ్మ ఏరినవన్నీ నికార్సయినవే.

"అక్కా! అక్కా!"

ఆ పిలుపుకు కాశమ్మ ప్రాణం లేచొచ్చింది. చంకలో ఉన్నప్పుడు వాడు అట్లాగే పిలిచేవాడు. ఆమె రోకలి మీద చెయ్యి వేసింది. ఇంకొక్కసారి పిలిస్తే తీసేద్దామనుకుంది.

"పొద్దుననగా మూసినాం, గాలి లేదు. సచ్చిందో ఏందో!" అని యల్లమ్మ ఏడుపు లంకించుకుంది. "ఇయ్యాలే సావాల్నా ఈమె? కొత్తిల్లు! నా ఇల్లు!"

తలుపు అవతలనుంచి తమ్ముడి గొంతు తగ్గి, మెల్లగా, ఎంతో మర్యాదగా వినిపించింది.

"పంతులుగారూ, ఇప్పుడు నడిచేది ఏం నక్షత్రం?"

కాశమ్మ రోకలి మీదనుంచి చెయ్యి తీసేసింది. పంతులు వేళ్ళు ముడుస్తూ లెక్క కడుతున్నాడు. చుట్టాలు చెప్పులు వెతుక్కుంటున్నారు. యల్లమ్మ ఏడుస్తోంది. కాశమ్మ తలుపుకేసి చూస్తూ అట్లాగే కూర్చుంది. పలకలేదు.