ఎల్వుడ్ పేలలేదు

కొత్త సంవత్సరం రోజున పందిమాంసం, పులియబెట్టిన క్యాబేజీ తినకపోతే ఏడాదంతా దరిద్రం పట్టుకుంటుందని పెన్సిల్వేనియా కొండల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా మధ్యాహ్నం దాటుతున్నా చెకుముకి తుపాకుల క్లబ్బులో ఎవరూ ముద్ద ముట్టలేదు. ఎల్వుడ్ పేలితే గాని గిన్నె మూత తీసేది లేదని కెప్టెన్ డెల్మర్ తేల్చి చెప్పాడు.

ఎల్వుడ్ అంటే తుపాకీ కాదు, మనిషి. వెర్నా మొగుడు. ఆకులు రాలే రోజుల్లో పోయాడు. ఆ క్లబ్బులో పోయినవాళ్లని పాతిపెట్టే అలవాటు లేదు. దహనం చేయించి, ఆ బూడిద గుప్పెడు గుడ్డలో పొట్లం కట్టి, ఎవరి తుపాకీలో వాళ్లనే దట్టించి, కొత్త సంవత్సరం రోజున లోయ మీదికి పేల్చేస్తారు. టోపీలు కుట్టే హైరమ్ అలాగే వెళ్లాడు. కాకపోతే ఆ రోజు ఎదురుగాలి వీచడంతో ఆయన చాలావరకు వెనక్కే వచ్చి, తాను కుట్టిన టోపీల మీదే వాలాడు.

వెర్నాకి ఇదేమీ ఇష్టం లేదు. మొగుణ్ణి ఇంట్లోనే ఉంచుకోవాలని ఆమె ఆశ. కానీ మంచంలో ఉండగా ఎల్వుడ్ అందరినీ పిలిచి మరీ చెప్పాడు. "పేలిస్తే నా తుపాకీలోంచే పేల్చండి. ఇంకోడి తుపాకీలోంచి మాత్రం నేను వెళ్లను." పోయేవాడు అడిగిన మాట. ఆమె కాదనలేకపోయింది. పొట్లం తానే కట్టింది, అదీ ఏడుస్తూ.

డెల్మర్ తుపాకీ భుజానికెత్తి మీట నొక్కాడు. చెకుముకి రాయి ఉక్కుని గీరింది. గొట్టం పక్కనున్న బుల్లి చిప్పలో మందు భగ్గుమంది. అంతే. ఆ మంట పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి లోపలి మందుని అందుకోవాలి, అందుకోలేదు.

పేలకపోతే ఎవరూ కదలకూడదని క్లబ్బు నియమం. నిప్పు లోపల ఎక్కడైనా ఆలోచించుకుంటూ ఉండొచ్చు. తుపాకీని లోయ వైపే పెట్టి డెల్మర్, టోపీలు తీసి మిగతావాళ్లు, మంచులో రాళ్లలా నిలబడ్డారు. ఎల్వుడ్ ఏమీ ఆలోచించుకోలేదు. రాయి మార్చారు. మందు మార్చారు. కొత్తగా మందు వేసిన ప్రతిసారీ భగ్గుమనడం, అందరూ టోపీలు తీయడం, మళ్లీ పెట్టుకోవడం. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. చచ్చిన మొండివాడి సంగతి ఇక చెప్పేదేముంది.

"బతికుండగా ఇది ఒక్కసారైనా పేలిందా అని?" అన్నాడు ర్యూబెన్. ఎల్వుడ్‌తో కలిసి ముప్పై ఏళ్లు వేటకి వెళ్లినవాడు.

"నువ్వే కదా పక్కనుండేవాడివి. నీకు తెలీదా?" అన్నాడు డెల్మర్.

"నాకు తెలిసి లేదు. తేమ అనేవాడు. రాయి మొద్దుబారింది అనేవాడు. ఓసారి జింక ఎడమవైపు నుంచి వచ్చింది, అందుకని పేల్లేదన్నాడు."

"నువ్వు నమ్మావు."

"జింక ఎడమవైపు నుంచే వచ్చిందయ్యా. నేను చూశాగా."

డెల్మర్ సన్నటి తీగ తీసుకుని రంధ్రంలోకి దూర్చాడు. మందులోకి మెత్తగా దిగాల్సిన తీగ టక్కుమని ఆగింది. రెండోసారీ టక్. ముఖం చిట్లించి వెర్నా వైపు తిరిగాడు. "ఏమీ అనుకోకు వెర్నా. మీ ఆయన్ని బయటికి తీయాలి."

మరమేకు తగిలించిన కర్రతో మెల్లగా లాగితే పొట్లం చిరగకుండానే వచ్చింది. పెట్టడానికి శుభ్రమైన చోటు కనబడక ఎల్వుడ్‌ని కాఫీ కప్పులో కూర్చోబెట్టారు. "అది నాది," అని గొణిగాడు ర్యూబెన్. ఎవరూ పట్టించుకోలేదు. తరవాత మందంతా కింద ఒంపేసి, గొట్టం ఖాళీ చేశారు.

డెల్మర్ దట్టించే కర్రని గొట్టంలో అడుగుదాకా దించి, మూతి దగ్గర బొగ్గుతో గీత పెట్టాడు. బయటికి లాగి, గీతని మూతికి ఆనించి, కర్రని గొట్టం వెంబడి పైన పెట్టి చూశాడు. కర్ర కొస రంధ్రం దాకా రానే లేదు. బార్లీ గింజంత ముందే ఆగిపోయింది.

"ఇదిగో, దొరికింది. గొట్టం వెనక బిగించిన బిరడా ఇక్కడిదాకా ఉంది. ఈ రంధ్రం మందులోకి కాదు, సూటిగా బిరడాలోకి పోయింది. బయట చూస్తే చిప్పకి సరిగ్గా కుదిరింది, చిప్ప అంచున పొద్దు పొడిచినట్టు ముచ్చటగా ఉంది. లోపల మాత్రం గోడ."

"ఊరందరి తుపాకులూ బాగుచేసినవాడు, ఇది తన చేత్తో తానే చేసుకున్నాడు," అన్నాడు ర్యూబెన్ జాలిగా. "దీపం కింద చీకటంటే ఇదే."

"ఎంత, అరగంట పని," అంటూ డెల్మర్ సంచిలోంచి ఆకురాయి తీశాడు. "బిరడా విప్పి, దాని మొహాన చిన్న గాడి గీస్తే నిప్పుకి దారి దొరుకుతుంది. వెళ్లిపోతాడు."

వెళ్లిపోతాడు అన్న మాట వెర్నా గుండెలో గుచ్చుకుంది. బొగ్గు గీత ఉన్న ఆ కర్రనే చూస్తూ ఉండిపోయింది. తన పెరట్లోని కొట్టులో ఈ కొలతని ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఎవరు ఏ తుపాకీ తెచ్చినా ఎల్వుడ్ ముందు చేసేది ఇదే. లోపల కొలవకుండా బయట రంధ్రం పెట్టేవాడు గుర్రాన్ని చూడకుండా జీను కొన్నవాడని కుర్రాళ్లని తిట్టేవాడు. అలాంటివాడు తన తుపాకీని కొలవడం మరిచిపోయాడా?

ఏటా క్రిస్మస్ వెళ్లాక చెకుముకి తుపాకులతో జింకల వేట మొదలయ్యేది. రోజూ సాయంత్రం కనుబొమలకి మసితో, వట్టి చేతులతో వచ్చేవాడు. "మళ్లీ తుస్సుమందే వెర్నా," అనేవాడు. అంటూ కూర్చుని బక్‌వీట్ అట్లు కుప్పకి కుప్ప లాగించేవాడు. చెవి చిరిగిన ఆడజింక ఒకటి ఈ ఏడూ కనబడిందని, పిల్లతో వచ్చిందని పొంగిపోతూ చెప్పేవాడు. పాపం, ఎంత దురదృష్టవంతుడని ఆమె ముప్పై ఏళ్లు జాలిపడింది. ఆ జాలితోనే ఏటా ఉన్ని మేజోళ్లు అల్లింది.

"ముసలి దొంగ," అంది వెర్నా కాఫీ కప్పు వైపు చూసి. కోపం వచ్చింది. ఆ వెనకే ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. అంతలోనే కళ్లు నిండిపోయాయి. "డెల్మర్, ఆ ఆకురాయి లోపల పెట్టు."

"ఎందుకు? దొరికిందిగా తప్పు."

"తప్పెక్కడుంది? అది పేలకూడదనే చేశాడు. జింకల్ని కొట్టడం ఇష్టం లేదు. మీతో చెబితే నవ్వుతారని చెప్పలేదు."

డెల్మర్ నోరు తెరిచి ర్యూబెన్‌ని చూశాడు. ర్యూబెన్ తన బూట్లని చూసుకున్నాడు. "నవ్వేవాళ్లమే," అని ఒప్పుకున్నాడు.

"మరి ఆయన కోరిక?" అన్నాడు డెల్మర్. "నా తుపాకీలోంచే వెళ్తానన్నాడు కదా."

"అది పేలదని ఆయనకి తెలుసు కదా."

నిప్పు డెల్మర్ బుర్రలోనూ నిదానంగానే ప్రయాణిస్తుంది. "అంటే... ఎక్కడికీ వెళ్లనన్నాడా?"

"నన్నొదిలి," అంది వెర్నా.

ఎల్వుడ్‌ని కప్పులోంచి తీసి మళ్లీ గొట్టంలోకి దించారు. ఈసారి వెనక మందు లేదు. చిప్పలో మాత్రం చిటికెడు వేశారు, ఆచారం ఆచారమే. తుపాకీ వెర్నాయే ఎత్తింది. మీట నొక్కింది. భగ్గుమని మంట లేచి ఆమె కనుబొమలకి మసి పూసింది. డెల్మర్ టోపీ తీశాడు. అందరూ తీశారు. లోయ మీద మంచు కురుస్తుంటే నియమం ప్రకారం కదలకుండా నిలబడ్డారు.

"ఈ ఏడు పేలలేదు," అని డెల్మర్ గంభీరంగా ప్రకటించాడు. "వచ్చే ఏడు మళ్లీ చూద్దాం." అప్పుడు గిన్నె మూత తీశారు. ర్యూబెన్ ఆ కప్పులోనే కాఫీ పోసుకున్నాడు, కడగలేదు.

పొద్దు వాలాక వెర్నా ఇంటికి వచ్చి, తుపాకీని పొయ్యి పైన పాత మేకులకి తగిలించింది. మసి తుడుచుకోలేదు. "మళ్లీ తుస్సుమందే," అంది తుపాకీతో. పొయ్యి మీద పెనం పెట్టి, బక్‌వీట్ పిండి ఎప్పటిలాగే ఇద్దరికి సరిపోయేలా కలిపింది.