ల్యాబ్ సపోర్ట్

అప్పుడే పీట మీంచి లేపిన జొన్నరొట్టె రెండు చేతుల మీద ఉంది, ఫోన్ మోగింది. రొట్టె చూస్తే ఆగదు, ఆగితే నడిమికి చినుగుతుంది. ఫోన్ చూస్తే అదీ ఆగదు. ఎత్తకపోతే సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆయన మొహం మొహంలా ఉండదు. రొట్టెను పెనం మీద వేసి, పిండి చేతులతో కాకుండా మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"సృజనా, జెడ్ లిబ్ డాట్ హెచ్, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ అంటున్నది. జల్ది చెప్పు, ఏం కొట్టాలె?"

పొద్దున టిఫిన్ డబ్బా అందుకుని వెళ్ళాక ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. మా ఆయన సంతోష్‌రావు కరీంనగర్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జి. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి తనిఖీ కమిటీ వస్తోంది. వాళ్ళకు కొత్త నెట్‌వర్క్ సిమ్యులేటర్ నడిపి చూపించాలి. ఆ కొత్తది తయారుగా దొరకదు, సోర్స్ తెచ్చుకుని మన మెషీన్ మీద మనమే కంపైల్ చేసుకోవాలి. అంటే వండిన కూర తెచ్చుకోవడం కాదు, ఎలా వండాలో రాసిన కాగితం తెచ్చుకుని ఇంట్లో వండుకోవడం. అందులోకి కావలసిన లైబ్రరీలు మన దగ్గర ఉండాలి. లేకపోతే అది ఆగిపోతుంది. ఆగినప్పుడు ఏమేం లేవో అన్నీ ఒకేసారి చెప్పదు. మొదట కనబడని దాన్ని ఒక్కదాన్నే చెప్పి ఊరుకుంటుంది. అది తెచ్చి పెట్టి మళ్ళీ మొదలుపెడితే అప్పుడు రెండోది చెప్తుంది. నాకు ఈ పద్ధతి కొత్తేం కాదు. మా ఇంట్లో చాయ్ ఇచ్చి వెనక్కి తిరిగాక నీళ్ళడుగుతారు, నీళ్ళిచ్చి కూర్చున్నాక కళ్ళజోడు అడుగుతారు.

"జెడ్‌లిబ్ డెవ్ ప్యాకేజీ పెట్టుండ్రి," అన్నాను.

"జెడ్‌లిబ్ ఉన్నది కదనే. ఇన్‌స్టాల్ చేస్తే ఆల్రెడీ ఉన్నదంటున్నది."

"ఉన్నది వేరే ప్రోగ్రాములు నడువనీకి. కొత్తది కట్టాలంటే హెడర్ ఫైళ్ళు కావాలె, అవి డెవ్‌ల ఉంటయ్. నిరుడు కూడ గిదే చెప్పిన."

"నిరుడు ముచ్చట ఇప్పుడెందుకు? స్పెల్లింగ్ చెప్పు."

చెప్పాను. జెడ్, ఎల్, ఐ, బి, ఒకటి, జి, గీత, డి, ఇ, వి. అక్షరం అక్షరం చెప్తుంటే రొట్టె ఒకవైపు మాడింది. వాసనకు మా అత్తమ్మ లీలాబాయి వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఆదిలాబాద్ వైపు బోథ్‌లో పుట్టి పెరిగిన మనిషి, రెండు పూటలా జొన్నరొట్టె ఉండాల్సిందే, అందులో నల్ల మచ్చ ఉండకూడదు.

"వాన్ని నౌకరి చేసుకోనియ్యవా? పొద్దుమాపు ఫోన్ చేసి సతాయిస్తనే ఉంటవు," అంది.

ఈ మాట మూడేళ్ళుగా వింటున్నాను. ఫోన్ చేసేది నేను కాదని ఒక్కసారైనా తన తల్లికి ఆయన చెప్పలేదు. నేనే ఓ రోజు చెప్పబోతే ఆయన నవ్వి, "పోనీ తియ్యి, ముసలామె ఏదో అంటది," అన్నాడు. ముసలామె అనేది నన్ను. పోనివ్వాల్సింది కూడా నేనే.

నేను ఎమ్టెక్ చదివాను. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు సర్వర్ల పని చేశాను. మా బృందంలో ఎవరి బిల్డ్ ఆగినా ముందు నా కుర్చీ దగ్గరికి వచ్చేవాళ్ళు. రిత్విక్ కడుపులో ఉన్నప్పుడు డాక్టరు మంచం దిగొద్దంది, దిగేసరికి ఉద్యోగం లేదు. తర్వాత ఈయన కరీంనగర్ కాలేజీలో చేరాడు, మేమూ వచ్చాం. చేరిన నెలలోనే ల్యాబ్‌లో సర్వర్ పడిపోయింది, ఫోన్ చేశాడు. ఆ రోజు నాకు ఎంత సంతోషమయిందో చెప్తే నవ్వుతారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నేను చెప్పింది చెప్పినట్టు టైపు చేశాడు, లేచి నిలబడింది. ఆ రాత్రి వస్తూ వస్తూ మిఠాయి కూడా తెచ్చాడు. మిఠాయి ఆ ఒక్కసారే. ఫోన్లు మాత్రం ఆగలేదు.

ఇంటి నుంచే నేను లాగిన్ అయి చేస్తానని, మీకు ఇంత తిప్పలుండదని ఎన్నోసార్లు అన్నాను. "వద్దు, లాగ్‌ల నీ పేరు పడ్తది," అన్నాడు. లాగ్ అంటే ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చి ఏం చేశారో సర్వర్ రాసుకునే పట్టీ. ఎవరు చేస్తే ఏముంది, మనిద్దరం ఒకటే కదా అని కూడా అన్నాడు. ఒకటే అయినప్పుడు లాగ్‌లో నా పేరు పడితే ఏమవుతుందని అడగాల్సింది. అప్పుడు తట్టలేదు. నాకు తిక్క ఎప్పుడూ అరగంట ఆలస్యంగా వస్తుంది.

మూడు వారాల కింద ఆ కాలేజీలోనే సిస్టమ్ ప్రోగ్రామర్ పోస్టు పడింది. రోజంతా నేను ఫోన్లో చేసే పనే, కాకపోతే కుర్చీలో కూర్చుని, నెల జీతానికి. అప్లికేషన్ రాసి, సర్టిఫికెట్ల కాపీలు పెట్టి, పొడుగు కవర్లో వేసి ఆయన చేతికే ఇచ్చాను. "ఇచ్చిన, చూద్దాం అన్నడు ప్రిన్సిపల్," అన్నాడు. అప్పట్నించి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. గిన్నె కడుగుతూ ఉద్యోగం వస్తే బడి నుంచి రిత్విక్‌ను ఎవరు తీసుకొస్తారా అనుకుంటాను, రిత్విక్ బూట్లు తుడుస్తూ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారా అనుకుంటాను. రోజూ అడిగితే ఈయన చిరాకు పడతాడని రెండ్రోజులకోసారి అడుగుతున్నాను. "జర ఓపిక పట్టు," అంటాడు.

పదకొండున్నరకు మళ్ళీ ఫోన్. ఈసారి ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ లేదట. అదీ చెప్పాను. మధ్యలో ఆయన గొంతు దూరమయింది. "ఇయర్‌ఫోన్ల చార్జింగ్ అయిపోయింది. స్పీకర్ల పెడుతున్న, నువ్వు ఎక్కువ మాట్లాడకు, కమాండ్ ఒక్కటే చెప్పు," అని గుసగుసలాడాడు. తర్వాత ఎవరితోనో గట్టిగా, "అంబ్రీన్, నువ్వు టైపు చెయ్యమ్మా, ప్రిన్సిపల్ సార్ పిలుస్తుండు, ఇప్పుడే వస్త," అన్నాడు. తలుపు చప్పుడయింది.

నేను పచ్చిపులుసు కోసం చింతపండు పిసుకుతున్నాను. ఫోన్ గట్టు మీద ఉంది.

"హలో మేడం," అంది ఒక ఆడపిల్ల గొంతు. "నేను థర్డ్ ఇయర్ మేడం. కంపైల్ నడుస్తుంది, తొంబై శాతం అయింది."

"మంచిది. వార్నింగులు వస్తే పట్టించుకోకు, ఎర్రర్ వస్తేనే చెప్పు."

"సరే మేడం." కుర్చీ ఫోన్ దగ్గరికి జరిగిన చప్పుడయింది. "మేడం, ఒకటి అడగాలె, ఏమనుకోవద్దు. మీది ఏ కంపెనీ?"

"ఏంటిది?"

"సార్ ఫోన్ల 'ల్యాబ్ సపోర్ట్' అని పడుతుంది గని కంపెనీ పేరు లేదు. ఎప్పుడు సిస్టం పోయినా సార్ మీకే కొడ్తడు. మీ కంపెనీల వేకెన్సీలు ఉన్నయా మేడం? నాకు గిసొంటి పనంటే మస్తు ఇష్టం."

చింతపండు గుజ్జు వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. నేను ఆయన ఫోన్‌లో 'ల్యాబ్ సపోర్ట్'ని. మూడేళ్ళుగా. బయట అత్తమ్మ టీవీ పెట్టింది.

"నాకు కాకున్నా మా ఆపాకన్న చూడుండ్రి మేడం," అంబ్రీన్ చెప్పుకుపోతోంది. "మా అక్క జమాలున్నీసా, ఎంసీఏ చేసింది. ఈడ ప్రోగ్రామర్ పోస్టు పడితే పోయిన సోమవారం అప్లికేషన్ తీసుకపోయింది. ఆఫీసుల తీసుకోలే. పోస్టు తీసేసిండ్రు అన్నరు."

"ఎందుకు తీసేసిండ్రు?"

"మా సంతోష్ సారే రాసిచ్చిండట మేడం. సపోర్ట్ కంపెనీ ఉన్నది, ఫోన్ చేస్తే చాలు, పోస్టు అక్కర్లేదని. మా ఆపా రెండు రోజులు అన్నం తినలే. మీ మీద కోపం లేదు మేడం, మీ పని మీరు చేస్తుండ్రు."

చేతులు కడుక్కున్నాను. కడిగిన చేతులే మళ్ళీ కడిగాను. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ దానికంటే ముందు సిగ్గొచ్చింది. నా పని నేను ఎంత బాగా చేశానంటే నా ఉద్యోగం నేనే తీసేసుకున్నాను. నాదే కాదు, ముఖమైనా చూడని ఇంకొకామెది కూడా. నా కవరు ఆ ప్రిన్సిపల్ బల్ల మీదికి వెళ్ళనే లేదు, వెళ్ళి ఉంటే ఆ చేత్తోనే పోస్టు అక్కర్లేదని రాసివ్వడం ఎలా కుదురుతుంది? పెళ్ళాం వచ్చి అదే ల్యాబ్‌లో కూర్చుంటే ఇన్నాళ్ళూ ఎవరి చేతులు పని చేశాయో పిల్లలకు వారంలో తెలిసిపోతుంది. అందుకని మూడు వారాలు నన్ను ఓపిక పట్టమన్నాడు. నేను పట్టాను కూడా, పిచ్చిదాన్ని.

"మేడం, అయిపోయింది!" అంబ్రీన్ గొంతు సంబరంగా వినిపించింది. వెంటనే తగ్గింది. "ఇన్‌స్టాల్ కూడ చేసిన. గని నడుపుదామంటే రాట్లేదు. ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్, కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్ అంటుంది. గా ఫైల్ లేదు మేడం."

"ఉన్నది. లోకల్ ఫోల్డర్ల లిబ్‌ల చూడు."

"హా, ఉన్నది! మరి లేదంటుందేంది?"

"ఉన్నది గని దాని లిస్టుల పేరెక్కలే. లిస్టుల లేకపోతే ఇంట్ల ఉన్నా లేనట్టే దానికి."

"మరి ఏం కొట్టాలె?"

ఒక్క మాట. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు, కొడితే ఆ పేరు లిస్టులోకి ఎక్కుతుంది. నోటి చివర ఉంది. ఇప్పుడు చెప్తే సిమ్యులేటర్ నడుస్తుంది, రెండింటికి కమిటీ చూస్తుంది, సాయంత్రం ఆయన కాలర్ సర్దుకుంటూ ఇంటికొచ్చి చాయ్ అడుగుతాడు. పోస్టు లేకుండా కాలేజీ ఎంత బాగా నడుస్తోందో కాగితం మీద ఇంకోసారి రుజువవుతుంది. చెప్పకపోతే? తెలిసిన దాన్ని తెలియదనడం నాకు చేతకాదు, అది నా చదువును నేనే తిట్టుకున్నట్టుంటుంది.

"అంబ్రీన్, ఏం కొట్టకు. నేనొస్తున్న."

"మీరా మేడం? ఈడికా?"

"హా. నలబై నిమిషాలల్ల ఉంటా."

రొట్టెలు డబ్బాలో పెట్టాను. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ కోసి వేశాను, అలవాటు పాడుగాను. చీర మార్చుకున్నాను. సర్టిఫికెట్ల ఫైలు బీరువాలోంచి తీశాను. చెప్పులేసుకుంటుంటే అత్తమ్మ టీవీ గొంతు తగ్గించింది.

"ఎటు పోతున్నవు?"

"మీ కొడుకు కాలేజీకి."

"ఎందుకు, వాడు పిలిచిండా?"

"మూడేండ్ల సంది పిలుస్తనే ఉన్నడు అత్తమ్మా. నేనే ఇంట్ల కూసోని పలికిన."

ఆమెకు అర్థం కాలేదు. రొట్టెలెక్కడున్నాయని అడిగింది, చెప్పాను.

ఆటోలో ఉండగా ఫోన్ తొమ్మిదిసార్లు మోగింది. తొమ్మిదిసార్లూ చూశాను, ఎత్తలేదు. నా ఫోన్‌లో ఆయన పేరు 'మా ఆయన' అని పడుతోంది. భయమా అంటే భయమే. రేపటి నుంచి ఆ ఇంట్లోనే కదా ఉండాలి. ఆటో ఇంకా తొందరగా పోతే బాగుండునని ఒకసారి, ఎక్కడైనా టైరు పంక్చరయితే బాగుండునని ఒకసారి అనిపించింది. దిగేటప్పుడు మాత్రం చిల్లర కోసం కూడా ఆగలేదు.

ల్యాబ్ రెండో అంతస్తులో ఉంది. చల్లగా, కొత్త వైర్ల వాసన. నలబై మెషీన్లు. ఒక్కోదాన్ని చూడకుండానే నేను ఎరుగుదును, ఏడో నంబరు వేడెక్కుతుంది, ముప్పయ్యోదానికి డిస్కు మార్చారు. మొదటి వరసలో తల మీద దుపట్టా కప్పుకున్న పిల్ల లేచి నిలబడింది, అంబ్రీనే అయి ఉంటుంది. ఆమె పక్కన ప్రిన్సిపల్ మధుసూదన్‌రావు గారు, ఆయన పక్కన మా ఆయన. చొక్కా చంకల కింద తడిసింది. నన్ను చూశాడు. ఒక్క క్షణం అతని మొహంలో ఏమీ లేదు. తర్వాత నవ్వు తెచ్చి పెట్టుకున్నాడు.

"సార్, సపోర్ట్ నుంచి మేడం వచ్చిండ్రు," అన్నాడు ప్రిన్సిపల్‌తో. నా వైపు తిరిగి, "రండి మేడం. కూర్చోండి," అన్నాడు.

పెళ్ళయి ఎనిమిదేళ్ళు. నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి. నా కన్న కొడుకు అతనిలాగే నవ్వుతాడని అప్పుడే గుర్తొచ్చింది. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు. అంబ్రీన్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాను. ఆమెను పక్కన నిలబడమని, ఏం కొడుతున్నానో చూడమని, ఎందుకో చెప్తూ ఆ ఒక్క మాటా టైపు చేశాను. సిమ్యులేటర్ తెరుచుకుంది. తెర మీద చుక్కలు ఒకదాన్నుంచి ఒకదానికి పరుగెత్తడం మొదలుపెట్టాయి. వెనక వరసల్లో ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళకు నా వేళ్ళు వాటి పని అవి చేశాయి, ఆ చిన్న సంతోషం మాత్రం నాది.

"శభాష్," అన్నాడు ప్రిన్సిపల్. "మీ కంపెనీ పేరేందమ్మా? ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతరని మా సంతోష్‌రావు ఒకటే తారీఫ్."

కుర్చీలోంచి లేచాను.

"కంపెనీ ఏం లేదు సార్. నా పేరు సృజన. సంతోష్‌రావు గారి భార్యను. మూడేండ్ల సంది మా వంటింట్ల నుంచి చెప్తున్న. మీ ప్రోగ్రామర్ పోస్టుకు అప్లికేషన్ కూడ రాసి పంపిన."

"ఏ అప్లికేషన్ అమ్మా? నా దగ్గరికేం రాలే."

ఫైలు ఆయన ముందు బల్ల మీద పెట్టాను. "ఇగో. ఈ అంబ్రీన్ వాళ్ళక్క కూడ అప్లికేషన్ తెచ్చింది, మీ ఆఫీసుల తీసుకోలే. ఇద్దరివి చూడుండ్రి, ఎవరు బాగ చేస్తే వాళ్ళకియ్యుండ్రి."

మా ఆయన కీబోర్డు వైపు చూస్తున్నాడు, అక్కడ కొట్టడానికి ఇంకేదో మిగిలినట్టు. ప్రిన్సిపల్ ఒకసారి ఆయన్ని, ఒకసారి నన్ను చూశాడు.

"అంటే అమ్మా, గీ ఫోన్ల సపోర్టు..."

"ఇయ్యాల్టితోని బందు సార్. ఇగ మీకు మనిషి కావాలె."