నెట్ వచ్చినంక

"పాలు పొంగుతున్నయ్. ఏడ వోయినవ్?"

గోడ మీది కెమెరాలోంచి ఐలేష్ గొంతు వినబడగానే, కరుణ ఆరేస్తున్న చీరను తీగ మీదే వదిలేసి పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పొయ్యి మంట తగ్గించి, తల ఎత్తకుండానే "ఈడ్నే ఉన్న" అంది. మన్నెగూడ సిమెంటు దుకాణంలో కూర్చున్న మొగుడికి ఇంట్లో పాలగిన్నె దాకా ఫోన్‌లో కనిపిస్తుంది.

నిరుడు ఎండాకాలం ఇబ్రహీంపట్నం నుంచి వాళ్ల ఊరి దాకా రోడ్డు పక్కన తవ్వి, సర్కారు సొమ్ముతో కేబుల్ వేస్తున్నప్పుడు ఊరందరికన్నా ఎక్కువ సంబరపడింది తనే. బీకాం చదివింది. మంచి నెట్ ఉంటే ఇంటి నుంచే టైపింగ్ పని ఇస్తామని తుర్కయాంజాల్‌లో ఒక ఆఫీసువాళ్లు చెప్పారు. మూడేళ్లుగా పని చేసుకుంటానని అడుగుతుంటే పలకని ఐలేష్, లైను వచ్చిన వారానికే కనెక్షన్ పెట్టించాడు. ఆ రోజు ఆమె పాయసం వండింది. అతను రెండు గిన్నెలు తిని, మూతి తుడుచుకుని, సంచిలోంచి కెమెరా తీశాడు. "దొంగల భయముండది" అన్నాడు. నెట్ పాస్‌వర్డ్ అడిగితే, "నీకెందుకు? ఇంట్ల పని తక్కువైందా?" అన్నాడు. పెద్దకొడుకు దగ్గరుండే అత్త బుగ్గమ్మ మాత్రం చూడ్డానికి వచ్చి మురిసిపోయింది. "నువ్వంటే వానికి పాణం. గందుకే పొద్దుమాపు నిన్నే సూసుకుంటుండు."

అప్పటినుంచి కరుణ మధ్యాహ్నం నడుం వాల్చడం మానేసింది. వాలిస్తే "పాణం బాగలేదా?" అని గోడ అడుగుతుంది. ఆ అడగడంలో జాలి ఉండదు. పక్కింటి జైతున్ బీ గడపలోకొస్తే, సాయంత్రం అతను "ఇరవై నిమిషాలు ఏం ముచ్చట?" అని అడిగేవాడు. ఆమె రావడం తగ్గించింది. వంట చేస్తూ కూనిరాగాలు తీసే అలవాటు ఎప్పుడు పోయిందో కరుణకే తెలియదు. ఏడుపొస్తే స్నానాల గదిలోకి వెళ్లి నల్లా తిప్పుకునేది. అక్కడ కూడా ఎక్కువసేపు ఉండడానికి లేదు, బయటికొచ్చాక జవాబు చెప్పుకోవాలి. కొట్టడు, తిట్టడు. ఎవరికైనా చెప్పుకుందామన్నా ఏమని చెప్పుకోవాలి?

అలాంటప్పుడు పంచాయతీ కార్యదర్శి పరమేష్ ఇంటికొచ్చాడు. నెట్ వల్ల బాగుపడ్డ ఆడవాళ్లతో పట్నం నుంచి పెద్ద ఆఫీసర్లు వీడియోలో మాట్లాడతారట. చదువుకున్న మనిషి కావాలట. "నాలుగు ముక్కలు రాసిన చెల్లె, జర చదివితే అయిపాయె" అని కాగితం ఇచ్చాడు. ఇంటర్నెట్ వల్ల ఇంట్లోనే ఉద్యోగం చేసుకుంటున్నాను అని ఉంది అందులో. ఐలేష్‌కు గర్వమనిపించింది. ఏ చీర కట్టుకోవాలో తనే చెప్పి, దుకాణానికి సెలవు పెట్టి మరీ వచ్చాడు.

పంచాయతీ ఆఫీసు నిండా జనం, ఒక పక్కన జైతున్ బీ కూడా. తెర మీద ఆఫీసరమ్మ నవ్వుతూ అడిగింది. "చెప్పమ్మా కరుణా, నెట్ వచ్చాక మీ ఇంట్లో ఏం మారింది?"

కరుణ కాగితం విప్పింది. అప్పుడే తెర మూలన తన మొఖం కనబడింది. బెదిరిపోయి, ఎవరు ఏమంటారోనని ఎదురుచూస్తున్న మొఖం. ఇన్నాళ్లూ అతను చూస్తున్నది ఇదేనా? చూస్తూ కూడా ఒక్కనాడూ అయ్యో అనుకోలేదా? ఆమె కాగితం మడిచేసింది.

"నాకు పనేం దొరకలేదు మేడం. పాస్‌వర్డ్ కూడా నాకియ్యలేదు. ఇదివరకు మా ఆయన పొద్దున పోతే మాపటిదాక నేనొక్కదాన్నే ఉంటుంటి. ఇప్పుడు కెమెరా పెట్టిండు. ఇప్పుడు నేను ఎన్నడూ ఒక్కదాన్ని లేను."

"కరుణా!" వెనక నుంచి ఐలేష్ అరిచాడు.

జనమంతా తల తిప్పి అతన్ని చూశారు. పరమేష్ గబగబా మైకు ఆపేశాడు. ఆఫీసరమ్మ పెదవులు ఏదో అంటున్నట్టు కదిలాయి, వినబడలేదు. కాసేపటికి తెర మీదకి వేరే ఊరి ఆడవాళ్లు వచ్చారు.

ఐలేష్ వచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు. "నడువు ఇంటికి. ఇజ్జత్ తీసినవ్."

కరుణ చెయ్యి విడిపించుకుని జైతున్ బీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"నువ్వు పో. ఆ కెమెరా పీకేసినంక కబురు పంపు. గప్పుడు ఆలోచిస్త, రావాల్నా వద్దా అని."